డెల్టా పేగులను డెల్టాలోనే చదవాలి

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలాన్నే పరాయిదిగా ఎంచి దాడికి దిగితే దాన్ని స్వయం ప్రతిరక్షక వ్యాధి అంటారు. కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాల్లో కీళ్లవాతంగా చెప్పుకొనే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అటువంటిదే, పైగా కీళ్లతో ఆగక ఊపిరితిత్తులను, రక్తనాళాలను కూడా తాకగలదు గనుక అది ఒళ్లంతటి జబ్బు. ఈ దాడికి ప్రేరణ పేగుల్లోని బాక్టీరియా నుంచి రావచ్చునన్న అనుమానానికి 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధన బలమిచ్చింది. జబ్బు కొత్తగా బయటపడి, ఇంకా మందులు మొదలుపెట్టని 44 మందిలో 75 శాతం మంది మలంలో ప్రివోటెల్లా కోప్రి అనే బాక్టీరియా కనిపించగా, ఆరోగ్యవంతుల్లో 21 శాతం మందిలోనే అది ఉంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ధాన్యం, పప్పులు, కూరగాయలు ప్రధానంగా తినే భారతీయుల్లో ప్రివోటెల్లా ఆరోగ్యవంతుల పేగుల్లోనే సమృద్ధిగా ఉంటుందని, కోప్రి అన్న ఒక్క పేరు కింద జన్యుపరంగా వేర్వేరు శాఖలున్నాయని ఇతర అధ్యయనాలు చూపాయి గనుక, పూటపూటా అన్నమే తినే దివిసీమ కూలీ పేగులో దొరికిన ఈ బాక్టీరియాను న్యూయార్క్ లెక్కతో దోషిగా నిలబెట్టడం శాస్త్రం కాదు. 2023లో మచిలీపట్నంలో తరగతులు మొదలుపెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాల ఈ పనికి పూనుకోవాలి: రోగి ఏం తింటున్నాడో, చీటీ లేకుండా మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ బిళ్లలు ఎన్నిసార్లు మింగాడో రాసుకుని, అదే ఊరి ఆరోగ్యవంతుడితో పోల్చి చూడాలి. ఆ బిళ్లలు రోగకారకాలతోపాటు పేగులోని మేలుచేసే జీవులనూ చంపుతాయి కాబట్టి, ఆ వివరం లేని పరీక్షకు విలువ తక్కువ.

చికిత్సలోనూ పేగుకు పాత్ర ఉంది. ఈ జబ్బుకు మొదటగా వాడే మెథోట్రెక్సేట్, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై జరిగిన కృషి నుంచి వచ్చింది. ఈ మందు ఎవరికి పనిచేస్తుందన్నది కొంతవరకు వారి పేగు బాక్టీరియాను బట్టి ఉంటుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. అయినా, వారానికి ఒక్కసారే వేసుకోవలసిన, రోజూ వేసుకుంటే ప్రాణాంతకమయ్యే ఆ మాత్రను వైద్యుడి పర్యవేక్షణలో కొనసాగించడమే నేటికి నిలిచిన దారి. పేగు శుద్ధి పొడులు అమ్మేవారి మాట నమ్మి దాన్ని మానేసిన రోగి వేళ్లు వంకరపోతే, వాటిని మళ్లీ నిటారుగా చేసే మందు ఇంతవరకు లేదు.