మూడవ పాదం

వృత్తిని ఎన్నుకోవడం ఒక్కసారితో ముగిసే పని అని చాలామంది భావిస్తారు. ఇంటర్మీడియట్ పూర్తయిన వయసులో ఒక దారి పడితే, ఇక ఆ దారి వెంట నడవడమే మిగిలిందనుకుంటారు. జీవితం మాత్రం అదే ప్రశ్నను పదేళ్ల తరువాత మరొకసారి అడుగుతుంది. నర్సు వృత్తిలో ఉన్నవారికి ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. ఉన్న ఉద్యోగంలోనే కొనసాగడమా, పై చదువుకు వెళ్లడమా, వృత్తిలోనే మరో దిక్కుకు మళ్లడమా, విదేశానికి పోవడమా, అసలు ఈ వృత్తినే విడవడమా అన్న సందేహాలు రాత్రి విధులు ముగించుకొని ఇల్లు చేరే నర్సు మనసులో ఎప్పుడో ఒకప్పుడు మెదలుతాయి. ఆ సందేహాలను విన్నవారు సాధారణంగా చెప్పే మాట ఒక్కటే: “సేవ చేసేవారికి ఇంకా చదువెందుకు?” ఈ మాటలో న్యాయమెంతో పరిశీలించవలసి ఉంది.

భారతీయ వైద్య సంప్రదాయం ఈ విషయంలో స్పష్టమైన అభిప్రాయాన్నే ప్రకటించింది. చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరక సంహిత చెబుతుంది. వైద్యుడు మొదటి పాదం, ఔషధం రెండవది, రోగి చెంత నిలిచి ఉపచారం చేసే వ్యక్తి మూడవది, రోగి నాలుగవది. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స ముందుకు సాగదు. ఆ మూడవ పాదానికి ఉండవలసిన గుణాలను కూడా ఆ గ్రంథం పేర్కొన్నది. అవి ఉపచారజ్ఞత, దక్షత, రోగి పట్ల అనురాగం, శౌచం. దయ కావాలని, శుభ్రత కావాలని, చేతి నేర్పు కావాలని అందరూ అంగీకరిస్తారు. అయితే ఈ వరుసలో అన్నిటికంటె ముందు నిలిచినది జ్ఞానం. ఉపచారం తెలిసి చేయవలసిన పని. తెలియాలంటే నేర్చుకోవాలి. వైద్యం పెరుగుతున్నంత కాలం ఆ నేర్చుకోవడానికి ముగింపు ఉండదు.

తెలుగు నేలకు కూడా ఈ దృష్టి కొత్తది కాదు. గుంటూరు ప్రాంతంలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. రుద్రమదేవి కాలంలో గోళకీ మఠానికి అందిన దానాలను వివరిస్తూ, అందులో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భాగం కేటాయించినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. అదే కాకతీయ యుగానికి చెందిన ఆనవాళ్లు పాలమూరు సీమలోనూ ఉన్నాయి. వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్‌లో కొండలమీద నిలిచిన కోట గోన వంశీయుల పేరుతో ముడిపడి ఉన్నది. చరిత్ర కోటలు కట్టించినవారి పేర్లను నిలిపింది. ప్రసూతిశాలల్లో రాత్రింబవళ్లు మేల్కొన్న స్త్రీల పేర్లను నిలపలేదు. నర్సు వృత్తి పట్ల సమాజానికున్న చిన్నచూపునకు ఈ మౌనం కూడా ఒక కారణం కావచ్చు.

ఖిల్లా ఘణపూర్ ఉన్న పాలమూరు ప్రాంతం వలసలకు పేరుపడినది. వానలు మొగం చాటేసిన ఏడు పలుగూ పారా పట్టుకొని, దేశం నలుమూలలా ఆనకట్టలూ కాలువలూ రహదారులూ కట్టడానికి ఇక్కడి శ్రామికులు తరలిపోయారు. అటువంటి కుటుంబాల ఆడపిల్లలకు నర్సింగ్ చదువు ఒక ఆశాకిరణంగా కనిపించింది. తక్కువ కాలంలో చేతికి వచ్చే ఉద్యోగం, ఊరిలో కాస్త గౌరవం, ఇంటికి నెలనెలా కొంత ఆదాయం అందించే దారి అది. పరిస్థితులు కూడా మారుతున్నాయి. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బోధనాసుపత్రిలో మూడు పడకలకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. కనుక కళాశాల వచ్చిన చోట వైద్యులతో పాటు నర్సుల అవసరం, నర్సులలోనూ ప్రత్యేక శిక్షణ పొందినవారి అవసరం పెరుగుతుంది. చదువుకోవాలన్న కోరికకు స్థానికంగానే ప్రయోజనం కనిపించే కాలమిది.

నర్సింగ్ విద్యకు మెట్లు అనేకం. గ్రామాలలో టీకాలు వేస్తూ గర్భిణుల బాగోగులు చూసే ఏ.ఎన్.ఎం.ల శిక్షణ రెండేళ్లు. జి.ఎన్.ఎం. డిప్లొమా మూడేళ్లు. బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. భారతదేశంలో ఈ పట్టా చదువు 1946లో ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ మొదలైంది. డిప్లొమా చేసినవారు మరో రెండేళ్లు చదివి పోస్ట్ బేసిక్ పట్టా పొందవచ్చు. ఉద్యోగం చేస్తున్న నర్సుల కోసం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ పట్టాను దూరవిద్యా విధానంలో రూపొందించింది. ఆపైన రెండేళ్ల ఎం.ఎస్సీ. ఉన్నది. అందులో శస్త్రచికిత్స విభాగం, శిశు ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం, ప్రసూతి విభాగం వంటి ప్రత్యేక శాఖలున్నాయి. పరిశోధన చేసి డాక్టరేటు పొందే అవకాశమూ ఉన్నది. వైద్య విద్యలో సీటు రానివారికి దక్కే రెండవ బహుమతిగా నర్సింగ్‌ను చూసేవారు ఈ మెట్లను గమనించాలి. ఇది వేరొక శాస్త్రం. దానికి దాని శిఖరం దానికున్నది.

ఇన్ని చదువులవల్ల రోగికి ఒరిగేదేమిటని ఎవరైనా అడగవచ్చు. ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం దీనికి మొదటి సమాధానం. దీపం పట్టుకొని రోగుల మధ్య తిరిగిన దయామయిగా లోకం ఆమెను స్మరిస్తుంది. కాని ఆమె గణాంక శాస్త్రం క్షుణ్ణంగా అభ్యసించిన విదుషి. 1854లో క్రిమియా యుద్ధ క్షతగాత్రుల సేవకు వెళ్లిన ఆమె, అక్కడ గాయాలకంటె అంటురోగాల వల్లనే సైనికులు అధికంగా మరణిస్తున్నారని లెక్కలతో, పటాలతో నిరూపించింది. 1858లో లండన్ గణాంక శాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమె. దీపం ఆ రాత్రి రోగికి ధైర్యమిచ్చింది. లెక్క తరువాతి తరాల రోగులకు ప్రాణమిచ్చింది.

రెండవ సమాధానం తెలంగాణలోనే ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5 మాత్రమే. సహజ ప్రసవాలను ప్రోత్సహించడానికి రాష్ట్ర ప్రభుత్వం యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. తొలి జట్టు శిక్షణ కరీంనగర్‌లో జరిగింది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఓర్పుగా నిలబడడం, ఏ కాన్పు సహజంగా జరుగుతుందో, ఏది ప్రమాదంలో పడుతున్నదో గుర్తించి సకాలంలో వైద్యునికి అప్పగించడం ఆ శిక్షణ సారాంశం. ఇక్కడ నర్సు చదివిన చదువు నేరుగా తల్లి శరీరాన్ని అనవసరమైన కోత నుండి కాపాడుతున్నది. పై చదువు అంటే రోగికి దూరం కావడమేనన్న అపోహకు ఇంతకు మించిన ఖండన అక్కరలేదు.

అయితే ఆ అపోహకు ఆధారం లేకపోలేదు. నర్సింగ్‌లో పై పట్టా పొందినవారిలో అనేకులు అధ్యాపక వృత్తిలోకో, కార్యాలయ బాధ్యతలలోకో వెళ్లిపోవడం కద్దు. అది వారి తప్పు కాదు. వార్డులోనే ఉంటే ఆ పట్టాకు తగిన హోదా, జీతం లభించకపోవడమే అసలు లోపం. ప్రైవేటు ఆసుపత్రులలోని నర్సుల స్థితిగతులపై 2016లో సుప్రీంకోర్టు ఆదేశాన్ని అనుసరించి కేంద్రం ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. 200 పడకలకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని, 50 పడకలలోపు ఆసుపత్రులైనా నెలకు 20 వేల రూపాయలకు తగ్గరాదని ఆ సంఘం సూచించింది. కనీస వేతనం కోసమే సిఫారసు అవసరమైన చోట, పై చదువుకు గుర్తింపు దానంతటదే వస్తుందని ఆశించలేము. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలోనూ, 2023 నుండి తెలంగాణలోనూ స్టాఫ్ నర్సులను నర్సింగ్ ఆఫీసర్లుగా వ్యవహరిస్తున్నారు. పిలుపు మారడం సంతోషకరమే. పిలుపుతో పాటు వార్డులోనే ఎదిగే మెట్లు కూడా ఏర్పడినప్పుడు ఆ సంతోషం సార్థకమవుతుంది.

వృత్తిలో దిక్కు మార్చుకోవడం మరొక అంశం. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఆరంభమైన గ్రామ ఆరోగ్య కేంద్రాలలో, అదనపు శిక్షణ పొందిన నర్సులు సామాజిక ఆరోగ్య అధికారులుగా పనిచేసే వీలు కలిగింది. రక్తపోటును, మధుమేహాన్ని ఊరిలోనే గుర్తించి మందులందించే బాధ్యత వారిది. ఆసుపత్రులలో అంటువ్యాధుల నివారణ, నాణ్యతా పర్యవేక్షణ, మానసిక రోగుల పునరావాసం, అవసానదశలో ఉన్నవారికి ఉపశమన సేవ వంటి రంగాలూ ఉన్నాయి. హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ సంస్థలలోనూ, బీమా సంస్థలలోనూ పగటిపూట ఉద్యోగాలకు మళ్లేవారున్నారు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేల్కొని, రోగులను లేవనెత్తి నడుము నొప్పి తెచ్చుకున్న వ్యక్తి పగటి ఉద్యోగం కోరుకుంటే దానిని పలాయనమనడం అన్యాయం. సేవ చేసేవారి శరీరం కూడా శరీరమే.

విదేశీ ప్రయాణం విషయంలో వాదోపవాదాలు మరింత తీవ్రంగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారం అప్పట్లో లోకంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉండేది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి నర్సులను జర్మనీకి పంపే ఏర్పాట్లు చేస్తున్నది. ఇక్కడే కొరత ఉండగా అక్కడికి పంపడమెందుకని కొందరి ప్రశ్న. ప్రశ్న సరైనదే గాని, దానిని అడగవలసింది వెళ్లే అమ్మాయిని కాదు. పాలమూరు నుండి పూర్వం వలస వెళ్లినవారికి రెక్కల కష్టమే పెట్టుబడి. మేస్త్రీ మాటే ఒప్పందం. నేటి నర్సు చేతిలో పట్టా, రిజిస్ట్రేషన్, రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నాయి. ఈ తేడా చదువు తెచ్చినదే. ఆమెను ఆపదలచిన వ్యవస్థ ఇక్కడ ఆమెకు తగిన స్థానం చూపి ఆపాలి. త్యాగం గురించిన ఉపన్యాసంతో ఆపజూడడం తగదు.

నిర్ణయం తీసుకునే నర్సు కూడా కొన్ని విషయాలు తూచి చూసుకోవాలి. మొదటిది కారణం. విసుగు పుట్టించినది రోగి సేవా, లేక పనిచేసే చోటా? చోటే కారణమైతే ఆసుపత్రి మార్చుకోవచ్చు, వృత్తిని మార్చుకోనక్కరలేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి వృత్తినే వదిలినవారికి తరువాత పశ్చాత్తాపం మిగలవచ్చు. రెండవది ప్రయోజనం. చేరబోయే కోర్సుకు నర్సింగ్ మండలి గుర్తింపు ఉన్నదా, ఆ పట్టాను ఏ ఉద్యోగం కోరుతున్నది అన్నవి ముందే తెలుసుకోవాలి. విదేశాలకు పంపుతామని డబ్బు అడిగే దళారుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మూడవది మూల్యం. ఫీజు ఒక్కటే మూల్యం కాదు. చదివిన రెండేళ్లు రాని జీతం, పసిపిల్లల ఆలన, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు కూడా లెక్కలో చేరతాయి. ఈ లెక్క ఆమె ఒక్కతే మోయవలసినది కాదు. కొడుకు పై చదువుకు పొలం తాకట్టు పెట్టే కుటుంబం, నర్సుగా పనిచేసే కోడలు చదువుతానంటే ఇంటిపని ఎవరు చేస్తారని అడగడం న్యాయం కాదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని తెలుగులో ఒక సామెత ఉన్నది. రోగిని మరిపించే చదువుకు అది వర్తిస్తుంది. రోగిని మరింత బాగా అర్థం చేసుకొనే చదువుకు వర్తించదు. కనుక నర్సు పై చదువును ఆమె స్వంత వ్యవహారంగా వదిలివేయకుండా, ప్రజారోగ్యానికి పెట్టే పెట్టుబడిగా ప్రభుత్వాలూ ఆసుపత్రులూ గుర్తించాలి. జీతంతో కూడిన చదువు సెలవు, జిల్లా కేంద్రంలోనే ప్రత్యేక శిక్షణ, శిక్షణ పొందినవారికి వార్డులోనే పై హోదా – ఈ మూడూ సమకూరితే వనపర్తిలో చదివిన నర్సు వనపర్తిలోనే ఎదగగలదు. అప్పుడు ఖిల్లా ఘణపూర్ నుండి వచ్చే గర్భిణికి, చదువుకున్న, అనుభవం పండిన చేయి దగ్గరలోనే దొరుకుతుంది. వెళ్లదలచినవారు వెళ్లినా, ఉండదలచినవారు విధిలేక ఉన్నట్లు కాక, ఇష్టపడి ఉన్నట్లవుతుంది.

రేపు వైద్య రంగంలో అడుగుపెట్టదలచిన విద్యార్థినీ విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. నర్సింగ్ అమ్మాయిలకు మాత్రమే పరిమితమైన వృత్తి కాదు, ఒక కోర్సుతో ముగిసే చదువూ కాదు. చికిత్సను నాలుగు పాదాల మీద నిలిపిన ప్రాచీనులు మూడవ పాదాన్ని తక్కినవాటికంటె పొట్టిగా ఉంచమని ఎక్కడా చెప్పలేదు. దానిని కురచగా ఉంచి చికిత్స సమంగా నడవాలని కోరుకోవడం వివేకం కాదు.