తలదెబ్బకు పసుపు మాత్ర

పసుపు కొమ్ముల మీద బ్రతికే ఆర్మూరులో పసుపునకు ప్రతికూలంగా ఒక మాట వ్రాయడం సాహసమే. అయినా వ్రాయక తప్పదు.

ఆటలో తలకు దెబ్బ తగిలి మెదడు అదరడాన్ని వైద్యులు కంకషన్ అంటారు. పసుపుతో, చేపనూనెతో చేసిన మాత్రలు సేవిస్తే ఆటగాడు త్వరగా కోలుకొని మైదానానికి మరలగలడని అమెరికాలో కొందరు వ్యాపారులు ప్రచారం చేశారు. అచ్చటి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013 చివర ప్రజలను హెచ్చరించి, ఏ పోషక మాత్రకూ అట్టి గుణమున్నదనుటకు శాస్త్రీయాధారం లేదని స్పష్టపరచింది.

విటమిన్ మాత్ర శరీరంలోని విటమిన్ కొరతను తీర్చగలదు. ఇక్కడ జరిగింది గాయం. రక్తం కానరాదు, స్పృహ తప్పకపోవచ్చు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మతిమరుపు మాత్రమే దాని జాడలు. అది మానకముందే మరొక దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి ప్రాణమే పోవచ్చు. మాత్ర మింగిన ధీమాతో బరిలోకి దిగేవానికి పొంచియున్న అపాయమిదే.

2022లో ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్ మన జిల్లా బిడ్డ. ఆమె ఆడే బాక్సింగులో తలదెబ్బకు కూలినవారిని కొంతకాలం బరిలోకి రానివ్వరు. అంతర్జాతీయ క్రికెట్టులో 2019 నుండి అట్టివాని స్థానంలో మరొకరిని ఆడనిస్తున్నారు. మన కబడ్డీలోనో? ముఖాన నీళ్ళు చల్లి, "ఏం గాలేదు, లే" అని మళ్ళీ కూతకు పంపుతారు!

ఆనాటికి ఆట మానిపించి వైద్యునికి చూపాలి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి, పిదప మెల్లగా నడక, వైద్యుడు సమ్మతించిన తరువాతనే ఆట. జట్టు ఓడిపోతుందనే సాకు చెల్లదు. కబడ్డీలో ఏడుగురు ఆడుతుండగా బదులు ఆటగాళ్ళు గీత వెలుపల కూర్చొనియే ఉంటారు గదా!