నూటికి 14 అన్నవాడిని తేదీలు అడగండి

2025 దసరాకు సింగరేణి బొగ్గు గనుల సంస్థ తన లాభాల్లో 34 శాతం, అంటే 819 కోట్ల రూపాయలు కార్మికులకు పంచింది. పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు వచ్చాయి. ఆ వెనకే దీపావళి బోనస్ 1,03,000. మందమర్రి, రామకృష్ణాపూర్ క్వార్టర్లలో ఈ పైసలు ఎవరి చేతికి ఎంత వస్తాయో కార్మికుడి కంటే ముందే లెక్కగట్టుకునేవాళ్లున్నారు. యాప్‌లు, ఏజెంట్లు, మనోడే అనిపించుకునే ఫైనాన్స్ మిత్రులు. అందరూ చూపించేది ఒక్క అంకె: నూటికి ఇంత. ఆ అంకెను చూసి సంతకం పెట్టకండి.

బాయి పని చేసేవాళ్ల పెట్టుబడి నెలనెలా ఒక్క తీరుగా సాగదు. దసరాకు ఒక మొత్తం, దీపావళికి ఒక మొత్తం, చిట్టీ ఎత్తితే ఇంకొంత. మళ్లీ బిడ్డ పెళ్లికో, కొడుకు ఫీజుకో, హైదరాబాద్ ఆసుపత్రికో తీయక తప్పదు. ఇట్లా వచ్చిపోయే పైసల మీద లాభం చెప్పాలంటే ఏ రోజు ఎంత పెట్టారో, ఏ రోజు ఎంత తీశారో తెలియాలి. ఏజెంటు చూపించే కాగితంలో కనపడనివి ఆ తేదీలే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఏప్రిల్ 1న ఖాతాలో లక్ష ఉంది. అక్టోబర్ 1న లక్షా 90 వేలు, నవంబర్ 1న 90 వేలు కలిపారు. జనవరి 1న 50 వేలు తీశారు. మార్చి ఆఖరుకు 3,44,000 ఉంది. మీరు పెట్టింది, తీసింది పోను 3,30,000 కాబట్టి లాభం 14 వేలు. "అన్నా, లక్షతో మొదలుపెట్టినవ్, 14 వేలు వచ్చినయ్. నూటికి 14!" అంటాడు ఏజెంటు. 14 వేలన్నది నిజమే. దాన్ని లక్షతో భాగించడంలోనే ఉంది మాయ.

లక్ష 12 నెలలు పనిచేసింది, లక్షా 90 వేలు 6 నెలలు, 90 వేలు 5 నెలలు. తీసిన 50 వేలు చివరి 3 నెలలు లేవు. ఒక్కోదాన్నీ దాని నెలలతో గుణించి, తీసినదాన్ని తగ్గించి, మొత్తాన్ని 12తో భాగిస్తే ఏడాది పొడుగునా సగటున పనిచేసిన సొమ్ము 2,20,000. దాని మీద 14 వేలంటే నూటికి 6.4. పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం ఇస్తోంది, అదీ సర్కారు హామీతో. మిత్తి లెక్క తెలిసిన ఊరు మనది. అప్పులో కొంత నడుమ కడితే ఆ రోజు నుంచే మిత్తి తగ్గించమని కొట్లాడే మనిషి, పెట్టుబడి దగ్గరికొచ్చేసరికి ఎందుకు నోరు మెదపడో అర్థం కాదు.

ఈ తప్పు లోకప్రసిద్ధం కూడా. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో బియర్డ్‌స్టౌన్ అనే చిన్న ఊరి మహిళలు నెలనెలా తలా కొంత వేసుకుని షేర్లు కొన్నారు. 1984 నుంచి 1993 దాకా ఏటా 23.4 శాతం సంపాదించామని పుస్తకం వేస్తే అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1998లో ఆడిటర్లు మళ్లీ లెక్కగడితే తేలింది 9.1 శాతమే. సభ్యులు వేసిన చందా కూడా లాభంలో కలిసిపోయింది. వాళ్లది మోసం కాదు, లెక్క తప్పు. మన దగ్గర ఆ తప్పును తెలిసే చేసేవాళ్లున్నారు.

రిటైరయ్యేవాళ్లకు ఇంకో గండం. ఒక ఫండ్ మొదటి ఏడాది 50 శాతం పెరిగిందనుకోండి. అందులో మీ లక్ష లక్షన్నర అవుతుంది. ఆ ఊపులో గ్రాట్యుటీ పైసల్లోంచి 10 లక్షలు తెచ్చి పోస్తారు. రెండో ఏడాది ఫండ్ 20 శాతం పడుతుంది. ఫండ్ కాగితం రెండేళ్లలో 20 శాతం లాభం అనే చూపిస్తుంది, అందులో అబద్ధం లేదు. మీరు పెట్టింది 11 లక్షలు, మిగిలింది 9 లక్షల 20 వేలు. పైసలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు పోయాయి అన్నది పక్కనబెట్టి ఫండ్ నడిపేవాడి పనితనాన్ని కొలిచే లెక్క అది. పెద్ద మదుపరుల సొమ్ము నడిపే పీఎంఎస్ (పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్) నిర్వాహకులు ఆ పద్ధతిలోనే చూపాలని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నియమం కూడా పెట్టింది. మీ జేబుకు కావాల్సింది వేరే లెక్క, దాని పేరు ఎక్స్‌ఐఆర్‌ఆర్. ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఒక వరసలో తేదీలు, పక్క వరసలో పెట్టినవి మైనస్‌తో, తీసినవి ప్లస్‌తో, చివర నేటి విలువ ప్లస్‌తో రాసి XIRR ఫార్ములా వేస్తే అదే చెబుతుంది. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఒక్క సాయంత్రం పని.

అయితే ఏడాది నిండని పెట్టుబడికి ఎక్స్‌ఐఆర్‌ఆర్‌నూ నమ్మొద్దు. నెలలో 2 శాతం పెరిగిన పైసలకు అది ఏడాదికి దాదాపు 27 శాతం అని చూపిస్తుంది. యాప్‌లో పచ్చగా మెరిసే పెద్ద అంకెలు చాలావరకు ఇవే.

అన్నింటికన్నా ప్రమాదం, చెప్పిన తేదీకి ఠంచనుగా వచ్చే మిత్తి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఫాల్కన్ సంస్థ పెద్ద కంపెనీల ఇన్‌వాయిస్‌ల పేరు చెప్పి వేల మంది దగ్గర డిపాజిట్లు పట్టింది. మొదట్లో చెల్లించింది, తర్వాత ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టేనాటికి వసూలైంది దాదాపు 1,700 కోట్లని తేలింది. మీ అసలు మొత్తం తిరిగి మీ చేతికి వచ్చేదాకా, నెలనెలా వచ్చేది మిత్తో, మీ పైసల్లోంచే తీసి ఇస్తున్నదో బయటినుంచి తెలియదు.

ఈసారి వాటా ఖాతాలో పడగానే ఎవరైనా తలుపు తడితే, పాత పెట్టుబడిలో వేసినవీ తీసినవీ తేదీలతో సహా రాతపూర్వకంగా అడగండి. సెబీ రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని, దాన్ని సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఈ రెండూ ఇవ్వనివాడికి చాయ్ పోసి పంపండి, చెక్కు వద్దు. ఇప్పటికే యాప్‌లో పైసలేసి తీయలేకపోతున్నవాళ్లు, పన్ను కడితే విడుదల చేస్తామన్న మాట విని మళ్లీ పంపకండి. ఈ రోజే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.