గ్రాఫ్ట్ పడలేదంటే నమ్మకండి, సూది ఎక్కడ గుచ్చారో అడగండి

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతో చదవండి.

డయాలసిస్‌కు పోయే మనోళ్ల చెయ్యి పాడైతే "నీ ఒంటికి గ్రాఫ్ట్ పడలేదు" అంటరు. వెనక ఇంకో మాట కూడా, "తండా వాళ్లు శుభ్రంగా ఉండరు" అని. ఈ రెండు మాటలతోనే నాకు పంచాయితీ. ఒంటినీ తండానూ అనే ముందు సూది ఎక్కడ గుచ్చారో చూడాలె కదా?

చేతి నరాలు బాగుంటే ధమనికి కలిపి ఫిస్టులా చేస్తరు. నరాలు సన్నగా ఉంటే చర్మం కింద గొట్టం పెడతరు, అదే గ్రాఫ్ట్. ఎక్కువగా పీటీఎఫ్ఈ, అంటే నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్ జాతిది. నరం సొంత మాంసం, గుచ్చితే మానుతది. గొట్టానికి పడ్డ చిల్లు మానదు, చుట్టూ కండ పట్టి మూసుకుంటది, అంతే. వారానికి 3 సార్లు, సారికి 2 సూదులు, ఏడాదికి 312 చిల్లులు. అన్నీ ఒక్క జాగలనే పడితే, గోనెసంచిని ఒకే దగ్గర దబ్బనంతో పొడిచినట్టు గోడ చివికిపోతది. ఉబ్బు లేస్తది, పైన చర్మం పలచబడతది, చీము పట్టొచ్చు, పగిలితే ప్రాణం మీదికొస్తది.

మా కాక పటాన్‌చెరులో కాంట్రాక్టు కూలి. ఎనిమిది నెలలు రెండే జాగల్లో గుచ్చారు. ఆయనే "అక్కడే గుచ్చు బిడ్డా, నొప్పి తెలుస్తలేదు" అనేటోడు. నొప్పి తెలవకపోవుడు మంచిది కాదని ఆయనకెవరు చెప్పారు? చదువుకున్న టెక్నీషియన్ చెప్పాలె. ఇప్పుడు గ్రాఫ్ట్ తీసేశారు, మెడకు గొట్టం వేశారు. దానికి ఇన్‌ఫెక్షన్ భయం ఇంకా ఎక్కువ.

సరైన పద్ధతి రాకెట్ సైన్సేం కాదు. నిచ్చెన మెట్లు ఎక్కినట్టు ప్రతిసారీ జాగ మార్చాలె. ఫిస్టులాకు ఒకే రంధ్రంలో గుచ్చే బటన్‌హోల్ పద్ధతి ఉంది గానీ, గ్రాఫ్ట్‌కు అది పనికిరాదు. గ్రాఫ్ట్‌లోకి సూది సుమారు 45 డిగ్రీల వాలులో పోవాలె. ముందు చెయ్యి సబ్బుతో కడగాలె, మందు పూసినంక ఆరనివ్వాలె. సూది పూర్తిగా బయటికొచ్చినంకనే అదమాలె, లోపల ఉండగా అదిమితే గోడ చీలుతది. మరీ గట్టిగా అదిమితే గొట్టంలో రక్తం గడ్డకడతది.

"మాకు టైమ్ లేదు, పేషెంట్లు ఎక్కువ" అంటరు. నిజమే, ఎక్కువే. కానీ జాగ మార్చడానికి అదనంగా పట్టే టైమ్ ఎంత? చెయ్యి బొమ్మ గీసిన కాగితం మీద ఈ రోజు గుచ్చిన చోట చుక్క పెట్టడానికి ఎంత? ఆరోగ్యశ్రీ కింద ఉచితమని నోరు మూసుకోవాల్నా? అది ప్రభుత్వ సొమ్ము, భిక్షం కాదు.

ఇంకోటి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ కొలిచి లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాశారు. ఆ మందు వాడే మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఇసుంటి నీళ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతది. అసలే గొట్టానికి పట్టిన చీము మందులకు సరిగా లొంగదు, తరచుగా కోసి తీయాల్సి వస్తది. శుభ్రత పాఠం ముందు ఫ్యాక్టరీలకు చెప్పండి, తర్వాత మా తండాకు.

గ్రూపులో నర్సింగ్, డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా చదివేటోళ్లు ఉన్నరు. ఇదంతా గోర్ బోలీలో వాయిస్ మెసేజ్ చేసి పెట్టండి, మన పెద్దలు చదవలేరు, వింటరు. మిగతావాళ్లు ఈ వారం మీ ఇంటి పేషెంటుతో సెంటర్‌కు పోయి చుక్కల కాగితం అడగండి. లేదంటే మీరే గీసి ఇవ్వండి.