నిరూపణకు నిలిచిన సంఖ్య

వేసవి వచ్చిందంటే ఖమ్మం నుండి భద్రాచలం వైపున్న అడవి అంచు పల్లెలలో తునికాకు సేకరణ సాగుతుంది. ఆకులను యాభయ్యేసి చొప్పున కట్టలు కడతారు. 50 ఆకులను పదేసి చొప్పున అయిదు వరుసలుగా పేర్చవచ్చు. 53 ఆకులైతే ఒకే వరుసగా పరచాలి, లేదా విడివిడిగా ఉంచాలి. మరే విధంగానూ సమాన భాగాలు కావు. ఒకటితోను, తనతోను మాత్రమే నిశ్శేషంగా భాగింపబడే ఇటువంటి సంఖ్యయే ప్రధాన సంఖ్య.

చిన్న సంఖ్యను ఆకులతో తేల్చవచ్చు. పెద్ద సంఖ్య విషయంలో కంటిచూపు చాలదు. పెద్దల మాట కూడా చాలదు. నిరూపణ ఒక్కటే ప్రమాణం.

ఈ సత్యాన్ని గ్రహించడానికి తెలుగువారికి చిరపరిచితమైన లెక్క ఒకటి ఉన్నది. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గడులకు వచ్చే మొత్తాన్ని పావులూరి మల్లన పద్యంలో చెప్పాడు. అది 1,84,46,74,40,73,70,95,51,615. చివర 5 ఉన్నది కనుక అది ప్రధాన సంఖ్య కాదు. మరి మధ్యలో ఏ గడి వద్ద ఆగితే ప్రధాన సంఖ్య వస్తుంది?

2, 3, 5, 7 గడుల వద్ద మొత్తాలు 3, 7, 31, 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. గడి సంఖ్య ప్రధానమైతే మొత్తమూ ప్రధానమే అని తోస్తుంది. కాని 11వ గడి వద్ద వచ్చే 2047, 23కు 89కి లబ్ధం. నాలుగు ఉదాహరణలు సూత్రం కాజాలవు.

పండితులకూ ఈ పొరపాటు తప్పలేదు. ఫ్రాన్సు దేశపు మెర్సెన్ 1644లో ఇటువంటి సంఖ్యల పట్టికను ప్రకటించాడు. అందులో 67ను చేర్చాడు, 61ను విడిచాడు. 67కు సంబంధించిన సంఖ్య ప్రధానం కాదని 1876లో లూకా తేల్చాడు. 61వ గడి మొత్తమైన 23,05,84,30,09,21,36,93,951 ప్రధాన సంఖ్యయేనని 1883లో పెర్వుషిన్ నిరూపించాడు. ఆయన రష్యాలోని మారుమూల గ్రామాలలో క్రైస్తవ అర్చకుడు. 239 సంవత్సరాల నాటి పట్టికలోని లోపాన్ని ఆయన కాగితం, కలంతోనే సరిదిద్దాడు.

ఇప్పుడు కంప్యూటర్లుండగా ఈ శ్రమ ఎందుకని కొందరంటారు. 2024లో కనుగొన్న ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. దానిని నిర్ధారించినవి యంత్రాలే. అయితే ఆ యంత్రాలు అనుసరించిన పరీక్షకు మూలం లూకా చూపిన మార్గమే. యంత్రం వేగాన్ని ఇస్తుంది. మార్గాన్ని మనిషే చూపాలి.

సూత్రాలను కంఠస్థం చేయించే బోధన మార్కులు తేవచ్చు గాని గణితజ్ఞానాన్ని ఇవ్వదు. అడవి అంచు కళాశాలలో ప్రయోగశాల చిన్నదే కావచ్చు. 2047ను పరీక్షించడానికి మాత్రం ఒక కాగితం, ఒక ప్రశ్న చాలు. ఆ ప్రశ్న అడిగే స్వేచ్ఛను విద్యార్థికి ఇవ్వడమే గణిత బోధనకు సార్థకత.