నెత్తురు చూడకుండానే సూది మీద సూది!

మనిషికి జ్వరం వచ్చి ఆసుపత్రికి పోతే ముందు రక్తం తీస్తారు. ప్లేట్‌లెట్లు ఎన్ని, తెల్లకణాలు ఎన్ని, హిమోగ్లోబిన్ ఎంత అని ఇవాళ పల్లెలో ముసలమ్మ కూడా అడుగుతోంది. డెంగ్యూ నేర్పిన చదువు అది. అప్పు చేసి తెచ్చుకున్న పాడి ఆవుకు 105 డిగ్రీల జ్వరం వస్తే మాత్రం చెవి పట్టుకుని చూసి, మూడు రకాల సూదులు వేసి పోతారు. దాని నెత్తురు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ఈ గుడ్డి వైద్యానికి బిల్లు కట్టేది రైతే.

సంకర జాతి ఆవుకు జ్వరం వచ్చి, మేత మానేసి, పాలు తగ్గిందనుకోండి. గోమార్లు కుట్టిన పశువైతే అది థైలేరియా కావచ్చు, బెబీసియా కావచ్చు, అనాప్లాస్మా కావచ్చు. మూడూ గోమార్ల వల్ల వచ్చేవే, మొదటి రెండు రోజులూ పైకి ఒకేలా కనబడేవే. మందులు మాత్రం వేరు వేరు. థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డిమినజిన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మూత్రం ఎర్రగా వచ్చేదాకా, కంటి పొర తెల్లగా పాలిపోయేదాకా ఆగితే అప్పటికే సగం నెత్తురు పోయి ఉంటుంది. గేదెల్లో సర్రా కూడా ఇంతే. జోరీగలు మోసుకొచ్చే ఆ క్రిమి నెత్తురులో ఈదుతూ ఉంటుంది. చూస్తే దొరుకుతుంది. చూసే నాథుడే లేడు.

చూడటం ఏమన్నా బ్రహ్మవిద్యా? చెవి అంచున సూదితో గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీద పలచగా రాసి ఆరబెట్టాలి. జీంసా రంగు వేసి, అరగంట ఆగి కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. గాజు పలక ఖరీదు టీ ఖరీదుకన్నా తక్కువ. 1880లోనే దేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు జబ్బుపడిన గుర్రాల, ఒంటెల నెత్తురును మైక్రోస్కోపులో చూసి సర్రా క్రిమిని పట్టుకున్నాడు. అప్పటికి మన ఊళ్లకు కరెంటే లేదు. ఇవాళ కరెంటు ఉంది, ఫోన్లలో యాప్‌లు ఉన్నాయి, చెవులకు పోగులు ఉన్నాయి. ఆ గాజు పలకే లేదు.

రెండో పరీక్ష ఇంకా తేలిక. సన్నటి గాజు గొట్టంలో నెత్తురు నింపి, చిన్న యంత్రంలో ఐదు నిమిషాలు గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవులో ఆ ఎర్ర భాగం నూటికి 24 నుంచి 46 దాకా ఉంటుంది. 15 కిందికి దిగితే సెలైన్ సీసాలు ఎన్ని ఎక్కించినా లాభం లేదు, ఇంకో ఆరోగ్యమైన పశువు నెత్తురు ఎక్కించే సంగతి ఆలోచించాలి. ఈ అంకె తెలియక ఎన్ని పశువులకు సీసా మీద సీసా పెట్టి చంపుకున్నామో! గొర్రెల కాపరులకు ఈ పరీక్ష మరీ అవసరం. పొట్టలో నెత్తురు తాగే పురుగులు చేరి దవడ కింద నీరు దిగేసరికి మందలో ఇంకా ఎన్నిటికి నెత్తురు తగ్గిందో కంటికి ఆనదు.

తెల్లకణాల లెక్క కూడా ఊరికే చెప్పరు. మనిషికి భిన్నంగా ఆవు నెత్తురులో మామూలుగా లింఫోసైట్లు ఎక్కువ, న్యూట్రోఫిల్స్ తక్కువ. అది తిరగబడిందంటే లోపల ఎక్కడో చీమో, వాపో ఉన్నట్టు అనుమానించాలి. మేతలో ఇనుప తీగ మింగిన గేదెకు అరుగుదల పొడులు పోస్తూ వారాలు గడిపేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూస్తే దారి మారుతుంది.

కొందరు రైతులు తెలివిగా నెత్తురు సీసా పట్టుకుని టౌనులో మనుషుల ల్యాబుకు పోతున్నారు. డబ్బులు తీసుకుని కాగితం ఇస్తారు. ఆ కాగితాన్ని నమ్మడానికి లేదు. ఆవు ఎర్రకణం మనిషి కణంకన్నా చిన్నది, మేకది మరీ చిన్నది. మనిషికి అమర్చిన యంత్రం మేక ఎర్రకణాలను ప్లేట్‌లెట్లుగా లెక్కగట్టగలదు. పశువులకు అమర్చిన యంత్రం కావాలి, ఆ కాగితం చదివి చెప్పే పశువైద్యుడు కావాలి. థైలేరియా తగ్గిన ఆవులో కూడా ఒకటీ అరా క్రిములు మిగిలే ఉంటాయి. అవి కనబడినంత మాత్రాన ఇప్పటి జబ్బు అదేనని కాదు. అందుకే నెత్తురు తీసుకుపోయే కుర్రాణ్ణి పెట్టి, ప్రైవేటు ల్యాబుకు కాంట్రాక్టు రాసిచ్చి చేతులు దులుపుకుంటామంటే మనం ఒప్పుకోకూడదు.

ప్రభుత్వాల మాటకొద్దాం. 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఆ బండ్లకు జెండా ఊపిననాడు మైక్రోస్కోపు ఉంటుందని, పేడ పరీక్ష, రక్త పరీక్ష అక్కడికక్కడే చేస్తారని ప్రకటించారు. మీ ఊరికి వచ్చిన బండిలో ఆ మైక్రోస్కోపు బయటికి తీయగా మీరెన్నిసార్లు చూశారు? ప్రయోగశాల ఉన్నది జిల్లా కేంద్రంలో. నెత్తురు సీసా ఐసు పెట్టెలో పెట్టుకుని, పని మానుకుని, బస్సెక్కి పోయేదెవరు? పశువు చచ్చాక బీమాకు పోస్టుమార్టం కాగితం అడుగుతారు. బతికుండగా ఒక్క నెత్తురు కాగితం ఇచ్చే ఏర్పాటు మాత్రం చేయరు.

డాక్టర్లకు తీరిక లేదంటారు. నిజమే. 5,000 పశువుల యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఒక్క డాక్టరు చేతే టీకాలు, ఎదసూదులు, సర్వేలు, సమావేశాలు అన్నీ చేయిస్తూ గాజు పలక ఎప్పుడు చూస్తాడని అడిగేది డాక్టర్ని కాదు, పోస్టులు నింపని వాళ్లని. రైతులే ఆగరు, వెంటనే సూది వేయమంటారు అని ఇంకో నింద. చేతిలో కాగితం పెడితే అరగంట కాదు, పూట ఆగుతాడు రైతు. టెట్రాసైక్లిన్ వేయించుకున్నాక పాలు రోజుల తరబడి కేంద్రానికి పోయకుండా పారబోయాల్సింది అతనే కదా.

మండల పశువుల ఆసుపత్రికి ఒక మైక్రోస్కోపు, రంగు సీసాలు, నెత్తురు తిప్పే యంత్రం, వాటిని నడిపే ల్యాబ్ టెక్నీషియన్ కావాలి. డివిజన్‌కు ఒకటి చొప్పున పశువులకు అమర్చిన కణాల లెక్క యంత్రం కావాలి. పరీక్ష ఉచితంగా జరగాలి, ఫలితం రాతపూర్వకంగా రైతు చేతికి రావాలి. ఈ నెల మండల కమిటీలు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ మాటలు తప్పకుండా చేర్చండి. ఆసుపత్రిలో మైక్రోస్కోపు ఉందా, ఉంటే పనిచేస్తోందా, కిందటేడు ఎన్ని గాజు పలకలు చూశారు అని సమాచార హక్కు కింద అడగండి.

ఈలోపు మీ కొట్టంలో పశువుకు జ్వరం వస్తే, మొదటి సూది పడకముందే చెవి నెత్తురు గాజు పలక మీద తీయమని డాక్టరు గారిని అడగండి. మందు పడ్డాక క్రిములు కనబడకుండా పోతాయి, అప్పుడు తీసిన పలక అబద్ధం చెబుతుంది. తీయడం కుదరదంటే ఎందుకు కుదరదో చీటీ మీద రాసిమ్మనండి. ఆ చీటీలు సంఘం ఆఫీసుకు పంపండి.