ఆగిన చర్చలు - మరుగునపడిన బాధితులు

2004 అక్టోబరులో హైదరాబాదులోని మంజీరా అతిథిగృహంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రతినిధులు, మావోయిస్టు, జనశక్తి నాయకులు నాలుగు రోజులు ముఖాముఖి చర్చించారు. ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్లతరబడి సాగించిన కృషికి ఫలితమది. 1987లో గుర్తేడు ప్రాంతంలో తనను అపహరించిన పక్షంతోనే ప్రభుత్వం మాట్లాడవలెనని కోరిన అధికారి ఆయన.

ఆ ప్రక్రియ మూడు నెలలకే కుంటుపడింది. ఆయుధాలతో గ్రామాలలో సంచరించడం, భూమి పంపిణీ అనే అంశాలపై అంగీకారం కుదరలేదు. ఇరుపక్షాలనూ కట్టడి చేయగల పర్యవేక్షణ యంత్రాంగం లేకపోవడం ప్రధాన లోపం. 2005 జనవరిలో ఎదురుకాల్పుల నడుమ మావోయిస్టులు వైదొలగారు. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్యకు గురయ్యారు. రెండు రోజులకే నిషేధం తిరిగి వచ్చింది.

అటుపిమ్మట మూల్యం చెల్లించినది సరిహద్దు ప్రాంతమే. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో పోలీసులు పెద్దసంఖ్యలో మరణించారు. 2016 అక్టోబరులో మల్కనగిరి అడవులలో ఇరవైమందికి పైగా మావోయిస్టులు హతులయ్యారు. బస్తరులో సల్వాజుడుం కాలంలో ఊళ్లు విడిచిన కోయ కుటుంబాలు గోదావరి అడవులకు చేరాయి. అటవీహక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ప్రాణభయంతో ఆ తరువాత వచ్చినవారు ఈ షరతును ఎట్లా నెరవేర్చగలరు?

2025లో మావోయిస్టులు మరల చర్చలు కోరగా, ముందుగా ఆయుధాలు విడువవలెనని కేంద్రం పేర్కొన్నది. మే నెలలో ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు మరణించగా, అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో లొంగిపోయారు. తుపాకులు తగ్గినంతనే శాంతి సిద్ధించినట్లు కాదు. ఆయుధం పట్టనివారితో, గ్రామసభలతో, నిరాశ్రయులతో ప్రభుత్వం చర్చించడానికి ఏ షరతూ అడ్డు కారాదు. ఆగిన ప్రక్రియను అక్కడినుండే తిరిగి ప్రారంభించవచ్చును.

ఇన్‌ఫార్మరనే ముద్రతో చంపబడిన రైతు, కాల్పులలో నేలకొరిగిన కానిస్టేబులు, అడవికి వెళ్లి శవమై తిరిగివచ్చిన యువతి - ముగ్గురి తల్లుల కన్నీరూ ఒకటే. ఏ ఒక్కరి మరణాన్నీ విజయోత్సవంగా జరుపరాదు. మృతదేహాన్ని జాప్యం లేకుండా కుటుంబానికి అప్పగించాలి. అనుమానాస్పద మరణాలపై నిష్పాక్షిక విచారణ జరపాలి. పొరుగు రాష్ట్రాలు కలిసి బాధితుల ఉమ్మడి జాబితా రూపొందించాలి. వలస వచ్చిన పిల్లలకు బడిలో చోటు, పెద్దలకు గుర్తింపు పత్రం దక్కాలి. మన గ్రామసభలు ఈ మాటను తీర్మానాలుగా పంపగలిగితే, రెండు దశాబ్దాల క్రితం తెగిన దారాన్ని తిరిగి ముడివేసినవారమవుతాము.